సినిమా ప్రింటు రీలుతో పట్టపగలు లాంగ్ ఎక్స్‌పోజర్

ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు కూడా దాదాపు సెకను పాటు షట్టరు తెరిచి ఉంచాల్సినంత నెమ్మదైన కలర్ రీలు కొడాక్ 2383. ఇది కెమెరాలో వెయ్యడానికి చేసింది కాదు. సినిమా నెగటివ్ నుంచి హాళ్లకు పంపే ప్రింట్లు తియ్యడానికి చేసింది. డిజిటల్ ప్రొజెక్టర్లు రాకముందు మన ఊళ్ల హాళ్లకు రేకు డబ్బాల్లో వచ్చిన సినిమాలన్నీ ఇలాంటి ప్రింటు రీళ్లే. ప్రింటింగ్ యంత్రంలో దీపం రీలుకు దగ్గరే ఉంటుంది, వెలుగుకు కొదవ లేదు, కాబట్టి దీనికి స్పీడు, అంటే కాస్త వెలుగునే చప్పున పట్టే గుణం, అక్కర్లేకపోయింది. ఆ స్పీడును చెప్పే అంకె ఐఎస్ఓ. కెమెరాలో వేసినప్పుడు నేను దీన్ని ఐఎస్ఓ 1.6గా లెక్కేస్తాను.

మాది నరసాపురం. వశిష్ఠ గోదావరి మా ఊరిని ఆనుకునే అంతర్వేది వైపు సముద్రంలో కలవడానికి పోతుంది. ఇక్కడ కంటికి ఆనేవన్నీ కదిలేవే. నీళ్లు, ఏరు దాటించే పంట్లు, కొబ్బరాకులు, ఆరేసిన వలలు, పాయలో కొట్టుకొచ్చే గుర్రపుడెక్క. ఇలాంటి చోట ఈ రీలు ఎలా వాడుతున్నానో రాస్తున్నాను. లెక్కలన్నిటికంటే ముందు ఒక్క మాట గుర్తుంచుకోండి. కదిలేదాన్ని చూసి ఫ్రేము కట్టకండి. కదలనిది ఏదో ముందు వెతికి, దాని చుట్టూ కట్టండి.

ఎన్‌డి ఫిల్టరు ఉండగా ఇదెందుకు?

ఎన్‌డి అంటే లెన్సులోకి వెళ్లే వెలుగును తగ్గించే బూడిద రంగు అద్దం. ఒక స్టాపు అంటే వెలుగు సగం కావడం. ఐఎస్ఓ 100 రీలుకు ఆరు స్టాపుల ఎన్‌డి ఫిల్టరు తగిలిస్తే 64 రెట్లు వెలుగు తగ్గుతుంది. అంటే దాదాపు ఐఎస్ఓ 1.6తో సమానం. లెక్క ప్రకారం రెండూ ఒకటే. చేతిలో పని మాత్రం ఒకటి కాదు. ఆరు స్టాపుల ఫిల్టరు పెట్టాక, లెన్సులోంచే చూపించే ఎస్ఎల్ఆర్ కెమెరా వ్యూఫైండరులో దాదాపు ఏమీ కనపడదు. ఫిల్టరు విప్పి, ఫ్రేము చూసి, ఫోకస్ చేసి, మళ్లీ బిగించేలోపు పడవ వెళ్లిపోతుంది, లేదా లెన్సు కదులుతుంది. రీలే నెమ్మదైనదైతే వ్యూఫైండరు వెలుగ్గా ఉంటుంది, షట్టరు తెరిచే క్షణం వరకు చూస్తూనే ఉండొచ్చు. పైగా చౌక ఎన్‌డి ఫిల్టర్లు ఏదో ఒక రంగు పులుముతాయి. ఈ రీలుకూ తన రంగు పిచ్చి ఉంది, కాని అది ప్రతిసారీ ఒకేలా ఉంటుంది, సరిదిద్దుకోవచ్చు. ఇక గ్రెయిన్ (బొమ్మలో కనిపించే గరుకు చుక్కలు) అంటారా, హాలు తెర మీద అంత పెద్దగా చూపించడానికి చేసిన రీలు ఇది. గ్రెయిన్ కోసం భూతద్దం పెట్టి వెతుక్కోవాలి.

2383 దొరక్కపోతే ఐఎస్ఓ 50 రీళ్లు ఫుజి వెల్వియా 50, కొడాక్ విజన్3 50డి ఉన్నాయి. వాటికి అయిదు స్టాపుల ఎన్‌డి పెడితే మళ్లీ ఇదే 1.6కి వస్తారు. పాత 50డి రీళ్ల వెనక రెమ్‌జెట్ అనే నల్ల పూత ఉంటుంది. దాన్ని మామూలు మినీల్యాబుకు ఇస్తే వాళ్ల రసాయనాలన్నీ పాడవుతాయి, ఇవ్వకండి. 2383కి ఆ పూత లేదు.

రీలు, కెమెరా

పెద్ద చుట్టల్లో వచ్చే ఈ రీలును 35 ఎంఎం డబ్బాల్లో చుట్టి ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లున్నారు. అంచుల కన్నాలు మన స్టిల్ కెమెరా పళ్లకు సరిగ్గా సరిపోతాయి. దీని బేస్ పాలిస్టర్. మామూలు రీలు గట్టిగా లాగితే చినుగుతుంది, ఇది చినగదు. అందుకే రీలు చివర లీవరు బిగిసినప్పుడు బలం చేస్తే తెగేది రీలు కాదు, కెమెరా లోపలి పళ్లు. బిగిసిందంటే ఆపి చుట్టెయ్యండి. మోటారు మీద రీలు తిప్పే కెమెరాల్లో దీన్ని వెయ్యనే వద్దు. ఇంకోటి, పాలిస్టర్ అంచులోంచి వెలుగు లోపలికి పాకుతుంది. ఎండలో నిలబడి లోడు చేస్తే మొదటి ఫ్రేములు పొగ పట్టినట్టు పోతాయి. ఇంట్లోనే, తలుపు వేసుకుని లోడు చేసుకుని బయల్దేరండి.

కెమెరా ఎంత పాతదైతే అంత మేలు. పెంటాక్స్ కె1000, నికాన్ ఎఫ్ఎం2 లాంటివాటిలో బి అన్న గుర్తు మీద పెడితే షట్టరు బ్యాటరీతో పని లేకుండా ఎంతసేపైనా తెరుచుకుని ఉంటుంది. తాళం పడే కేబుల్ రిలీజు (షట్టరు నొక్కే తీగ) ఒకటి కొనుక్కోండి. పోస్టుకార్డంత నల్ల అట్ట ముక్క ఒకటి జేబులో ఉండాలి. దాని పని తర్వాత చెబుతాను.

స్టాండు విషయంలో మన నేలకు ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఏటి ఒండ్రు మీద పెట్టిన స్టాండు, పెట్టినప్పుడు గట్టిగానే ఉన్నట్టుంటుంది. పది సెకన్లలో ఒక కాలు వెంట్రుకవాసి దిగుతుంది, బొమ్మ మొత్తం పోతుంది. మూడు పెంకు ముక్కలు గాని, మూడు పలుచటి ఇటుక బిళ్లలు గాని సంచిలో వేసుకెళ్లి కాళ్ల కింద పెట్టండి. స్టాండును చేత్తో కిందికి అదిమి, కాసేపు ఆగి, వ్యూఫైండరులో అంచు ఎక్కడుందో చూసుకుని అప్పుడు తియ్యండి. పైరగాలి వీచే వేళ మధ్య కడ్డీ పైకి లేపకండి.

మీటరు లెక్క

వెలుగు కొలిచే పాత కెమెరా మీటర్లలో ఐఎస్ఓ 1.6 ఉండదు. 25 దగ్గర పెట్టి, వచ్చిన కాలాన్ని 16తో గుణించండి. ఎఫ్ అంకె అంటే అపెర్చరు, వెలుగు వచ్చే లెన్సు రంధ్రం కొలత; అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. ఎఫ్/16 దగ్గర 1/25 చూపిస్తే సెకనులో మూడింట రెండు వంతులు. 1/2 చూపిస్తే 8 సెకన్లు. ఫోను మీటరు వాడినా ఇదే లెక్క.

మంచి ఎండలో ఎఫ్/22 పెడితే సెకను పైచిలుకు వస్తుంది. దానికి మెరుపులు తగ్గించే పోలరైజర్ ఫిల్టరు తగిలిస్తే ఇంకో స్టాపున్నర, రెండు స్టాపులు తగ్గి అయిదు సెకన్ల దాకా పోతుంది. కొబ్బరి తోట నీడలో పోలరైజర్ లేకుండానే పది సెకన్లు దాటుతుంది. ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది.

వెలుగు సగమైతే కాలం రెట్టింపు చేస్తే చాలన్న సూత్రం సెకను దాటాక ఏ రీలు దగ్గరా పూర్తిగా నిలవదు. రీలులోని వెండి లవణపు గింజ డెవలపర్లో నల్లబడాలంటే దాని మీద కొన్ని వెండి పరమాణువులు ఒకచోట చేరాలి. వెలుగు మరీ నెమ్మదిగా పడితే, రెండోది చేరేలోపే మొదటిది విడిపోతుంది. చిల్లు కుండలో చుక్క చుక్కగా నీళ్లు పోసినట్టు, పోసినదంతా నిలవదు. దీన్నే రెసిప్రాసిటీ ఫెయిల్యూర్ అంటారు. కలర్ రీలులో మూడు పొరలుంటాయి కదా, మూడూ ఒకే మోతాదులో తగ్గవు. అందుకే కాలం పెరిగేకొద్దీ వెలుగుతో పాటు రంగు కూడా జరుగుతుంది. వెల్వియా 50కి ఫుజి వాళ్లే దీని పట్టిక ఇచ్చారు. సెకను దాకా ఏమీ మార్చక్కర్లేదు, 4 సెకన్లకు మూడో వంతు స్టాపు, 16 సెకన్లకు మూడింట రెండు వంతులు, 32 సెకన్లకు పూర్తి స్టాపు పెంచాలి, దాంతో పాటు మెజెంటా ఫిల్టరు కూడా పెంచుకుంటూ పోవాలి. 64 సెకన్లు వద్దనే చెప్పారు.

2383కి నేను వాడే లెక్క ఇది. మీటరు కాలాన్ని, అంటే 16తో గుణించగా వచ్చినదాన్ని, 1.3 ఘాతానికి పెంచుతాను. ఫోను కాలిక్యులేటర్లో చిటికెలో వస్తుంది. ప్రతిసారీ నొక్కక్కర్లేకుండా అట్ట ముక్క వెనక రాసి పెట్టుకున్నాను. 2 సెకన్లకు రెండున్నర. 4కి 6. 8కి 15. 15కి 34. 30కి 83. నిమిషానికి 3 నిమిషాల 25 సెకన్లు. ఇవి మొదలుపెట్టడానికి పనికొచ్చే అంకెలు. మీకు దొరికిన రీలు ఏ కాలం నాటిదో, ఎక్కడ నిల్వ ఉందో బట్టి మారతాయి. కాబట్టి మొదటి రీలు మొత్తం పరీక్షకే కేటాయించండి. దాని మీద మంచి బొమ్మల ఆశ పెట్టుకోవద్దు.

పరీక్ష ఇలా చెయ్యండి. ఎండ తగలని లోపలి వరండాలో సున్నం గోడకు ఒక బూడిద రంగు అట్ట, పక్కన రంగు రంగుల లుంగీ ఏదైనా తగిలించండి. ఎఫ్/2.8 దగ్గర అరసెకను వచ్చే చోటు చూసుకోండి. అక్కడి నుంచి ఎఫ్/22 దాకా ఆరు స్టాపులు మూసుకుంటూ, కాలం రెట్టింపు చేసుకుంటూ పోతే చివరి ఫ్రేము 32 సెకన్లవుతుంది. వెలుగు మొత్తం ఒక్కటే, కాలం ఒక్కటే మారింది. సవరణ ఏమీ చెయ్యకుండా ఒక వరస, పై లెక్కతో ఇంకో వరస తియ్యండి. కడిగాక రెండు వరసలూ కిటికీకి పెట్టి చూస్తే అట్ట ఎక్కడ పలచబడుతోందో, లుంగీలో ఏ రంగు ముందు పోతోందో తెలిసిపోతుంది. పరీక్ష జరిగే అరగంటలో మబ్బు రాకూడదు, అంతే.

ఏది కదలదు?

పుస్తకం లెక్కల కంటే దీని మీదే నేను ఎక్కువ సమయం పెడతాను. కొబ్బరి చెట్టు నిలువుగా నిలబడ్డట్టు కనిపిస్తుంది గాని, గాలి లేదనుకున్న రోజు కూడా మట్టలు ఊగుతూనే ఉంటాయి. ఆరు సెకన్ల బొమ్మలో మాను పదునుగా, తల పచ్చటి మసకగా వస్తుంది. అది కావాలంటే అదే తియ్యండి, బాగుంటుంది. చెట్టు చెట్టులా కావాలంటే తాటి చెట్టు దగ్గరికి పోండి. తాటాకు బిరుసు, చిన్న గాలికి లొంగదు. రావి అసలు పనికిరాదు, ఆకు నిమిషం ఊరుకోదు.

రేవు మెట్లు, కాలవ లాకుల గోడలు, వల కట్టడానికి ఏట్లో పాతిన గుంజలు, అంతర్వేది లైట్‌హౌస్, ఇవన్నీ నమ్మదగినవి. రాజమండ్రి దాకా వెళ్లగలిగితే హేవలాక్ వంతెన స్తంభాలు చూడండి. 1900లో మొదలై 1997లో రైళ్లు ఆగిపోయిన వంతెన అది. పైన బండి నడవదు కాబట్టి ఆ స్తంభాలను ఎంతసేపు తీసినా మధ్యలో రైలు దీపాలు గీత గియ్యవు.

లంగరేసిన పడవలను పదునుగా తియ్యాలంటే ఆటుపోట్లు తెలియాలి. నరసాపురం దగ్గర గోదావరికి సముద్రపు పోటు తగులుతుంది. పోటు నిండి ఆటు మొదలయ్యే ముందు నీళ్లు కాసేపు ఎటూ పోకుండా నిలబడతాయి. ఆ కాసేపే పడవ తాడు సడలి, పడవ ఊరికే ఉంటుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో వడి ఎక్కువ, ఆ విరామం ఇట్టే దాటిపోతుంది. అష్టమి వైపు వడి తగ్గుతుంది కాబట్టి తీరిగ్గా తియ్యొచ్చు. ఈ వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఈరోజు ఏడింటికి నిలబడితే రేపు ఎనిమిదికి కాస్త ముందు. రేవులో వల బాగు చేసుకునే వాళ్లను అడగండి, యాప్ కంటే ముందు చెబుతారు.

సఖినేటిపల్లి వైపు పంటు కోసం జనం రేవులో నిలబడి ఉన్నప్పుడు ఒడ్డు నుంచి పదిహేను సెకన్లు తీసి చూడండి. మోటారు సైకిళ్లు నంబరు చదవగలిగేంత పదునుగా వస్తాయి. మనుషుల కాళ్లు, చెప్పులు, కింద పెట్టిన సంచులు స్పష్టంగా ఉంటాయి. నడుము దగ్గర నుంచి పలచబడుతూ, తలల చోట రంగు మాత్రమే మిగులుతుంది. నిలబడ్డ మనిషి పాదం కదపడు, తల కదపకుండా ఉండలేడు. ఒక చంటిబిడ్డ నిద్రపోతూ తల్లి భుజం మీద ఉంటే, ఆ తల్లి ఊపుతూ ఉంటుంది కాబట్టి ఇద్దరూ కలిసి ఒకే మసకగా వస్తారు. నాకు ఈ రీలు మీద ప్రేమ పుట్టింది ఇలాంటి ఫ్రేముల వల్లే.

రొయ్యల చెరువులు మన దగ్గర ఎక్కడ చూసినా ఉన్నాయి, ఫొటోగ్రాఫర్లు మాత్రం వాటి వైపు చూడరు. చూడండి. నీళ్లలో గాలి కలిపే ఏరియేటరు చక్రాలు తిరుగుతుంటే రెక్కలు ఎనిమిది సెకన్ల బొమ్మలో మాయమైపోతాయి. ఇరుసు, ఫ్లోటు, మోటారు మీది డొప్ప నిలబడతాయి, చుట్టూ నీళ్లు తెల్లగా ఎగసి అలాగే ఆగిపోయినట్టుంటాయి. మొగల్తూరు వైపు ఒక చెరువు గట్టు మీద స్టాండు వేసుకుంటుంటే కాపలా ఉన్న పెద్దాయన వచ్చి, "ఆయ్, ఫొటోకి అడ్డంగా ఉంటే కాసేపు మోటారు ఆపెయ్యమంటారాండి?" అన్నాడు. "వద్దు బాబాయ్, అది తిరుగుతుంటేనే నాకు కావాలండి" అంటే, పక్క మోటారు కూడా వేసి మరీ నిలబడి చూశాడు. అడక్కుండా గట్టు ఎక్కకండి. రొయ్య రోగాల భయంతో బయటివాళ్ల కాళ్లు కూడా కడిగిస్తారు, కడుక్కుని వెళ్లండి.

కదిలే దీపాలు

కార్తీక మాసంలో తెల్లవారుజామున అరటి డొప్పల్లో వదిలిన దీపాలు చూసి ఈ రీలు తియ్యబుద్ధవుతుంది. ఇక్కడ ఒక్క విషయం తెలిసి వెళ్లండి. నిలకడగా ఉన్న వెలుగు రీలు మీద ఒకే చోట పోగవుతుంది, కాలం పెంచితే పెరుగుతుంది. కదిలే దీపం రీలు మీద ఒక్కో చోట క్షణమే ఉంటుంది. ఎన్ని నిమిషాలు తెరిచినా ఆ గీత పొడుగవుతుందే గాని వెలుగు పెరగదు. ఆ వెలుగును నిర్ణయించేది అపెర్చరు, రీలు స్పీడు. ఐఎస్ఓ 1.6 మీద ఎఫ్/11 పెడితే తేలిపోయే దీపం పడదు. ఎఫ్/2 తెరవాలి, దీపం దగ్గరగా ఉండాలి, నెమ్మదిగా పోవాలి. లేదా మెట్ల మీద పెట్టిన దీపాలనే తియ్యండి. అవి చక్కగా వస్తాయి, వెలిగించేవాళ్లు కనపడరు.

నల్ల అట్ట ఇక్కడే పనికొస్తుంది. మూడు నిమిషాల ఎక్స్‌పోజరు మధ్యలో పంటు లైటు మీ వైపు తిరిగితే అట్ట లెన్సుకు తగలకుండా అడ్డం పెట్టండి, గడియారం ఆపండి. దాటాక తీసి మిగతా కాలం పూర్తి చెయ్యండి. వీధిలో పాత సోడియం దీపాలు ఇంకా ఉంటే ఆ వెలుగులో మీటరును నమ్మకండి. ప్రింటు రీళ్లను ల్యాబుల్లో సోడియం పసుపు దీపం కిందే పట్టుకునేవాళ్లు, ఆ పసుపు వీటికి దాదాపు ఆనదు. కంటికి వెలుగ్గా కనిపించిన వీధి బొమ్మలో చీకటిగా వస్తుంది.

రంగు, కడగడం

నెగటివ్‌కు ఉండే నారింజ రంగు ముసుగులోంచి, బల్బు వెలుగులో చూడటానికి చేసిన రీలు కాబట్టి దీని నీలం పొర మిగతావాటి కంటే చురుకు. ఊరికే పగటి వెలుగులో తీస్తే బొమ్మంతా నీలంలో మునుగుతుంది. లెన్సుకు నారింజ రంగు 85 ఫిల్టరు పెట్టి, మూడింట రెండు వంతుల స్టాపు పెంచండి. మిగిలింది స్కాను చేశాక సరిదిద్దుకోవచ్చు. ఫిల్టరు లేకుండా తీసి తర్వాత మొత్తం కంప్యూటర్లో లాగుదామంటే ఎరుపులో ఏమీ మిగలదు.

సినిమా నెగటివ్ మెత్తగా ఉంటుంది, దాన్ని తెర మీద గట్టిగా నిలబెట్టాల్సిన పని ఈ రీలుది. అందుకే కాంట్రాస్టు విపరీతం. కాబట్టి నడి ఎండలో వద్దంటాను. ఎండలో తియ్యగలగడం దీని గొప్పే గాని, ఎండలో తెల్ల పంచె, నల్ల నీడ రెండూ ఒక ఫ్రేములో నిలవవు. శ్రావణ మాసపు మబ్బు, ధనుర్మాసపు పొద్దుటి మంచు, వాన వెలిసిన సాయంత్రం, ఈ మూడింటికీ ఇది సరైన జోడు.

దీన్ని కడిగే అసలు ప్రక్రియ, సినిమా ల్యాబులు వాడేది, ఈసీపీ-2. ఇంట్లో మామూలు కలర్ నెగటివ్‌లు కడిగే సి-41 కిట్టుతో కడగొచ్చు. డెవలపరు 37.8 డిగ్రీలు. మామూలుగా 3 నిమిషాల 15 సెకన్లుండే చోట నేను రెండున్నర నిమిషాలే ఉంచుతాను, కాంట్రాస్టు కాస్త దిగుతుంది. అంతకంటే తగ్గిస్తే మరకలు పడతాయి. రోహిణీ కార్తెలో మేడ మీది ట్యాంకు నీళ్లే ఆ వేడికి దగ్గరగా వస్తాయి, కడుగుళ్లకు వేరే కాచక్కర్లేదు. కాని మా వైపు బోరు నీళ్లు ఉప్పు. వాటితో కడిగి ఆరేస్తే రీలు మీద తెల్లటి చుక్కలు మిగులుతాయి. చివరి కడుగు, ఆఖర్న వాడే స్టెబిలైజరు రసాయనం కలపడం మినరల్ వాటర్ క్యాను నీళ్లతోనే చెయ్యండి.

బేస్ గాజులా తెల్లగా ఉంటుంది, నారింజ ముసుగు లేదు. స్కాను చేసేటప్పుడు సాఫ్ట్‌వేరులో మామూలు కలర్ నెగటివ్ సెట్టింగు పెడితే లేని ముసుగును తీసెయ్యబోయి రంగులు చెడగొడుతుంది. పాజిటివ్‌గా స్కాను చేసి, తిరగేసి, మూడు రంగుల కర్వులూ విడివిడిగా సర్దండి. ముందుగా నీలం, తర్వాత ఎరుపు, పచ్చ చివర. ఆరిన రీలును సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టి డబ్బాలో పెట్టండి. వాడని రీలు ఫ్రిజ్‌లో ఉంటే, తియ్యబోయే ముందు రాత్రే బయట పెట్టి, మన ఉక్కకు చెమ్మ పట్టకుండా డబ్బా మూత పొద్దున తియ్యండి.